ఎవరికి ఏది ఎప్పుడు తెలియాలి: లఘుచిత్రాలు తీసేవారికి ఒక ఎడిటర్ సూచనలు

కృష్ణానగర్‌లోని నా ఎడిటింగ్ గదికి కొత్తవాళ్లు తెచ్చే లఘుచిత్రాల్లో బొమ్మకు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఫోనుతో తీసినా వెలుతురు చక్కగా పడి ఉంటుంది. నటించినవాళ్లు మనసు పెట్టి చేసి ఉంటారు. సంగీతం కూడా అతికినట్టే ఉంటుంది. అయినా రెండో నిమిషం దాటేసరికి దృష్టి తెర మీద నిలవదు. అలాంటప్పుడు చిత్రాన్ని అక్కడ ఆపి దర్శకులను రెండే ప్రశ్నలు అడుగుతాను. ఈ క్షణాన చూసేవాళ్లకు ఏం తెలుసు? తెర మీద ఉన్న మనిషికి ఏం తెలుసు? ఎక్కువమంది ఈ రెండింటి గురించీ ఆలోచించి ఉండరు. కథ ఏమిటో వాళ్లకు బాగా తెలుసు. దాన్ని ఎవరికి, ఏ వరసలో, ఎంతెంత పంచాలో తేల్చుకోకుండానే కెమెరా పట్టుకున్నారు.

ఈ పంపకమే లఘుచిత్రానికి ప్రాణమని నా గట్టి నమ్మకం. స్క్రీన్‌ప్లే, షాట్ డివిజన్ (సీనును షాట్లుగా విడగొట్టడం), ధ్వని, కట్ అన్నీ దానికి లోబడి పనిచేసేవే. అదెలాగో చూపించడానికి, కొత్తవాళ్లకు చెప్పేటప్పుడు వాడుకునేందుకు నేనొక చిన్న కథ అల్లుకున్నాను. ఒక గది, ముగ్గురు మనుషులు, ఏడు నిమిషాలు. ఇక్కడ కూడా మొదటి నుంచి చివరిదాకా దాన్నే పట్టుకుని నడుస్తాను.

కథను నాలుగు మాటల్లో పెట్టుకోండి

సత్యం అరవై దాటిన టైలరు. కళ్లలో శుక్లాలు ముదిరి సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాడు. సంగతి బయటపడితే జాకెట్లు ఇచ్చేవాళ్లు ఉండరని భయం. రేపు పొద్దున ముహూర్తం ఉన్న పెళ్లివారి పట్టు జాకెట్టు ఈ రాత్రికి పూర్తిచేయాలి.

మనిషి, ఆ మనిషికి కావలసింది, దానికి అడ్డం, గడువు. మీ కథలో ఈ నాలుగూ ఉన్నాయో లేదో చూసుకోండి. నేను చూసే స్క్రిప్టుల్లో తరచుగా లోపించేది రెండోది. "ఒంటరితనం గురించి తీస్తున్నాను మేడమ్" అంటారు. ఒంటరితనం కెమెరాకు దొరకదు. ఒంటరిగా ఉంటున్న ముసలావిడ ఈ పూట ఎవరో ఒకరితో కలిసి అన్నం తినాలనుకుని, గిన్నె పట్టుకుని పక్కింటి తలుపు కొడితే అది దొరుకుతుంది. మనిషికి ఏదో ఒకటి కావాలి, అది చేతులతో, కాళ్లతో వెతుక్కునేదై ఉండాలి.

కథను మీకు అందుబాటులో ఉన్న చోటు నుంచి తీసుకోండి. టైలరు కొట్టు కథను నేను ఎంచుకోవడానికి కారణం అదే. ఏ ఊళ్లోనైనా ఉంటుంది, అద్దె కట్టనక్కర్లేదు, రాత్రి పూట తలుపులు వేసి తీసుకోవచ్చు. అయితే స్క్రిప్టు రాయకముందు ఒక మధ్యాహ్నం అలాంటి కొట్లో ఊరికే కూర్చోండి. ఆది జాకెట్టుకు పేరు రాసిన చీటీని గుండుసూదితో ఎలా గుచ్చుతారో, కత్తిరించిన ముక్కలు చెదిరిపోకుండా ఎలా మూట కడతారో, హుక్సులు, కాజాలు చేత్తో ఎప్పుడు కుడతారో చూడండి. చూపు తగ్గినవాళ్లు సూది బెజ్జం కనబడటానికి వెనక తెల్లకాగితం ముక్క పెట్టుకుంటారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే సత్యం కళ్ల గురించి చెప్పే మాటలు స్క్రిప్టులో నుంచి తీసేయవచ్చు. ఆ కాగితం ముక్కే చెబుతుంది.

పట్టిక గీయండి

ఇప్పుడు తెల్లకాగితం మీద అడ్డంగా గళ్లు గీయండి. మొదటి గడి చూసేవాళ్లది. తరువాత ప్రతి పాత్రకూ ఒక్కో గడి. కింద వరసగా సీన్లు. ఏ సీను ముగిసేసరికి ఎవరికి ఏం తెలుసో ఆ గడిలో రాయాలి. నేను ఏ స్క్రిప్టు చదివినా ముందు చేసే పని ఇదే. రెండు సీన్ల మధ్య ఏ గడిలోనూ మార్పు లేకపోతే, ఆ రెండో సీను ఎంత అందంగా ఉన్నా కథలో దానికి పని లేదు.

సత్యం కథను రెండు రకాలుగా చెప్పవచ్చు. కళ్ల సంగతి చివరిదాకా దాచిపెట్టి, ఆఖరి పది సెకన్లలో బయటపెట్టడం మొదటిది. కొత్తవాళ్లలో చాలామంది చేయి అటే పోతుంది, కొసమెరుపు అంటే అంత మోజు. కానీ లెక్క చూడండి. ఏడు నిమిషాల చిత్రంలో ఆరున్నర నిమిషాలకు పైగా ఒక ముసలాయన జాకెట్టు కుట్టడం చూస్తూ కూర్చోవాలి, ఎందుకు చూస్తున్నారో తెలియకుండా. రెండో పద్ధతిలో మొదటి నిమిషంలోనే చూసేవాళ్లకు సంగతి తెలిసిపోతుంది, జాకెట్టు ఇచ్చిన సరోజకు తెలియదు. అప్పుడు సరోజ కొట్టు గుమ్మం ఎక్కిన ప్రతిసారీ చూసేవాళ్ల గుండె ఝల్లుమంటుంది. ఆమె మామూలుగా "అయిపోయిందా?" అని అడిగినా ఆ మాటకు బరువు వస్తుంది. నేను ఎప్పుడూ రెండో పద్ధతికే ఓటు వేస్తాను. చిన్న చిత్రంలో ఆశ్చర్యం కంటే ఆందోళన ఎక్కువసేపు పనిచేస్తుంది.

మన బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఉంటారు. కథ ముడిపడిన చోట వంత అందుకుని, తరువాత ఏమైందని అడుగుతాడు. ఎదురుగా కూర్చున్న జనం మనసులో మెదిలే ప్రశ్ననే అతను పైకి అంటాడు. సినిమాలో వంత ఉండడు కాబట్టి ఆ ప్రశ్న చూసేవాళ్ల మనసులో దానంతట అదే పుట్టేలా మీరే ఏర్పాటు చేయాలి. పట్టికలో చివరన ఇంకొక గడి చేర్చి దానికి వంత అని పేరు పెట్టండి. ప్రతి సీను చివర వంత ఏమని అడుగుతాడో అందులో రాయండి. సత్యం కథలో మొదటి సీను తరువాత అతను "ఎన్నాళ్లు దాస్తాడు?" అని అడుగుతాడు. రెండో సీను తరువాత "ఈ సూదులు సరిపోతాయా?" అని, మూడో సీను తరువాత "ఆవిడ కనిపెడుతుందా?" అని అడుగుతాడు. ఏ సీను దగ్గర వంత నోరు మెదపడో అక్కడ మీ చిత్రం ఆగిపోయిందని గుర్తు.

ఎత్తుగడ

అలారం మోగుతుంది. చేయి వచ్చి దాన్ని ఆపుతుంది. కుర్రాడు లేస్తాడు, అద్దం ముందు పళ్లు తోముకుంటాడు, కాఫీ కలుపుకుంటాడు, బైకు తాళం తీసుకుంటాడు. దీని కోసం ముప్పావు నిమిషం. ఇలా మొదలయ్యే చిత్రాలు నా దగ్గరికి ఎన్ని వస్తాయో చెప్పలేను. దీని తరువాత ఎక్కువగా వచ్చే ఎత్తుగడ డ్రోను కెమెరాతో తీసిన ఊరి దృశ్యం. రెండింటిలోనూ ఎవరికీ కొత్తగా ఏమీ తెలియదు, ఎవరూ ఏమీ కోరుకోరు.

గురజాడ "దిద్దుబాటు" కథ 1910లో అచ్చయింది. అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చిన భర్త తలుపు కొట్టడంతో అది మొదలవుతుంది. అతను ఎవరు, ఏ ఉద్యోగం, ఎప్పుడు పెళ్లయింది, ఇవేవీ ముందుగా చెప్పలేదు. తలుపు ఎందుకు తెరుచుకోవడం లేదన్న ప్రశ్నతోనే చదివేవాళ్లు లోపలికి అడుగుపెడతారు. నూట పదిహేనేళ్లు దాటినా తెలుగులో ఎత్తుగడ నేర్చుకోవాలనుకునేవాళ్లకు నేను చూపించే మొదటి పాఠం అదే.

సత్యం కథలో ఎత్తుగడ సూది దగ్గర. కొట్టు బోర్డు వద్దు, వీధి వద్దు, గోడ మీద దేవుడి పటాలు వద్దు. చిత్రం మొదలయ్యేసరికే అతను దారంతో తంటాలు పడుతూ ఉండాలి.

ఒక సీను, షాటు వెంట షాటు

దీన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

మొదటి షాటు పూర్తి క్లోజప్. రెండు వేళ్ల మధ్య నీలం దారం కొస, ఇంకా తడి ఆరలేదు. ఎదురుగా సూది, దాని వెనక తెల్లకాగితం. దారం సూది పక్క నుంచి పోతుంది. వేళ్లు వెనక్కి వస్తాయి, మళ్లీ పోతాయి. ఈ షాటును కట్ చేయకుండా పన్నెండు, పదిహేను సెకన్లు ఉంచండి. మొదటిసారి తప్పినప్పుడు చూసేవాళ్లు దాన్ని మామూలుగా తీసుకుంటారు. రెండోసారి కొంచెం ముందుకు వంగుతారు. మూడోసారి వాళ్ల వేళ్లు కూడా కదులుతాయి. మధ్యలో కట్ చేస్తే ఈ మూడు మెట్లూ పోతాయి. ఇక్కడ సత్యం కళ్లలో నుంచి చూసినట్టుగా మసక బొమ్మ పెడదామని దర్శకులు ముచ్చటపడతారు. నేను వద్దంటాను. మసక బొమ్మ కంటి జబ్బును చూపిస్తుంది, తప్పిపోయే వేళ్లు మనిషిని చూపిస్తాయి.

రెండో షాటు నడుము నుంచి పైకి. సత్యం కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, దారం కొస నోట్లో తడుపుతూ ఉంటాడు. వీధిలో నుంచి చెప్పుల చప్పుడు. తల అటు తిరుగుతుంది. మూడో షాటులో అతని చేయి సూదిని, దారాన్ని గుడ్డల కిందికి నెట్టేస్తుంది. కాగితం ముక్క కింద పడుతుంది. నాలుగో షాటు కాళ్లు, మిషన్ తొక్కడం మొదలుపెడతాయి.

ఐదో షాటు ఈ చిత్రానికే ఆయువుపట్టు. మిషన్ సూది పైకీ కిందికీ గబగబా ఆడుతూ ఉంటుంది, అందులో దారం లేదు. బట్ట మీద బెజ్జాలు పడుతున్నాయి, కుట్టు పడటం లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ సరోజకు మిషన్ చప్పుడు వినబడుతోంది, పని సాగుతోందని ఆమె నమ్ముతోంది. చూసేవాళ్లకు సూది కనబడుతోంది. చెవికి చెప్పేది అబద్ధం, కంటికి చెప్పేది నిజం. పట్టికలోని రెండు గడుల మధ్య తేడా ఒక్క షాటులోకి వచ్చి కూర్చుంది. మీ కథలో కూడా ఇలాంటి షాటు ఒకటి ఎక్కడో ఉంటుంది. షూటింగుకు ముందే దాన్ని కనిపెట్టి, రోజులో అందరూ హుషారుగా ఉండే వేళకు పెట్టుకోండి. సాయంత్రం బ్యాటరీలు అయిపోయే వేళకు దాన్ని నెట్టవద్దు.

ఆరో షాటు సరోజ ముఖం. ఆ పాత్ర వేసే నటికి "అనుమానంగా చూడు" అని చెప్పడం మానేయండి. 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖాన్ని తీసుకుని, అదే ముక్కను సూప్ గిన్నె పక్కన, శవపేటిక పక్కన అతికించి చూపించాడు. చూసినవాళ్లు మొదటి దాంట్లో ఆకలిని, రెండో దాంట్లో దుఃఖాన్ని చూశారట. ముఖం మాత్రం ఒకటే. సరోజ మామూలుగా చూస్తే చాలు. దారం లేని సూది తరువాత ఆ ముఖం పెడితే, "ఈవిడ గమనించిందా?" అని చూసేవాళ్లే భయపడతారు.

సరోజ గుమ్మంలో తెరకు కుడివైపు ఉందనుకుంటే, సత్యం కుడివైపుకే చూడాలి, అతన్ని చూసేటప్పుడు ఆమె ఎడమవైపుకే చూడాలి. ఇద్దరి మధ్య ఒక గీత ఊహించుకుని, కెమెరాను ఆ గీతకు ఒకే పక్కన ఉంచండి. గీత దాటితే ఇద్దరూ ఒకే దిక్కుకు చూస్తున్నట్టు కనబడతారు, ఇరుకు గదిలో ఆ గందరగోళం ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

దాచేవాళ్ల మాటలు

ఆ సీనులో మాటలు ఇవి.

"అన్నయ్యా, అయిపోయిందా?"

"మిషన్ మీదే ఉందమ్మా. హుక్సులు మిగిలాయి, అంతే."

"పొద్దున్నే ఏడింటికి వస్తాను. తొమ్మిదింటికి ముహూర్తం."

"మీరు రావడమే ఆలస్యం, ఇచ్చేస్తాను."

ఇంతే. కళ్ల గురించి ఒక్క మాట లేదు. నా దగ్గరికి వచ్చే స్క్రిప్టుల్లో అయితే సరోజ వెళ్లాక సత్యం తనలో తాను మాట్లాడుకుంటాడు, కళ్లు పోతే బతుకు ఎలాగని దేవుడి పటంతో మొరపెట్టుకుంటాడు. రహస్యం ఉన్న మనిషి దాని చుట్టూ మాట్లాడతాడు తప్ప దాని గురించి మాట్లాడడు. మాటలు రాశాక ప్రతి వాక్యాన్నీ ఆ పాత్ర తన రహస్యాన్ని కాపాడుకోవడానికి అంటోందా, రచయిత మనకు వివరాలు అందించడానికి అనిపిస్తున్నాడా అని పరీక్షించండి. రెండో రకం వాక్యాలు కొట్టేయండి. అందులోని సమాచారం అవసరమైతే దానికి ఒక వస్తువును వెతకండి.

గడువుకు రూపం ఇవ్వండి

రెండో సీనులో పింకీ వస్తుంది. పక్కింటి పిల్ల, ఎనిమిదేళ్లు ఉంటాయి. "తాతా, ఎన్ని సూదులు?" అంటూనే దారాలు ఎక్కించేస్తుంది. రోజూ జరిగే పనే అని ఆ ఒక్క ప్రశ్నతో తెలిసిపోతుంది. బదులుగా బొమ్మకు గౌను కుట్టుకోవడానికి పట్టు ముక్కలు ఏరుకుంటుంది. ఇవాళ అమ్మమ్మ ఊరికి వెళ్తున్నానని, రేపు రానని చెప్పి, నీలం దారం సూదులు నాలుగు ఎక్కించి గోడ మీది క్యాలెండరుకు వరసగా గుచ్చుతుంది. ఇంకెవరిదో చీర ఫాల్ కోసం ఆకుపచ్చ దారం సూది ఒకటి ఎక్కించి, దాన్నీ ఆ వరసలోనే గుచ్చి వెళ్లిపోతుంది.

గడువు చూపించాలంటే గోడ గడియారం క్లోజప్ అందరికీ తోస్తుంది. కానీ గడియారం ఏ కథలోనైనా ఒకేలా తిరుగుతుంది. ఈ కథకు ఈ కథలోని గడియారమే కావాలి. మూడో సీను రాత్రి. క్యాలెండరు మీద నాలుగు నీలం సూదులు మూడవుతాయి, రెండవుతాయి. ఒకదాని దారం ముడిపడి తెగిపోతుంది. క్యాలెండరును చూపించినప్పుడల్లా ఎంత పని మిగిలిందో, ఎంత ఆసరా మిగిలిందో చూసేవాళ్లు లెక్కపెట్టుకుంటారు. చివరికి ఆకుపచ్చ సూది ఒక్కటే మిగులుతుంది. సత్యం దాన్ని తీసుకుని, నెమలికంఠం రంగు జాకెట్టుకు ఆఖరి హుక్కు కుడతాడు. తేడా అతనికి తెలియదు. శుక్లాలు ముదిరితే కంటి కటకం పసుపుబారుతుంది, నీలాలు వెలవెలబోతాయి. అందువల్ల ఈ పొరపాటు కథ కోసం పుట్టించినట్టుగా కాకుండా ఆ జబ్బులో నుంచే వస్తుంది. ఆరోగ్యం, చట్టం, వృత్తి, దేని మీద కథ నడిపినా ఆ రంగం తెలిసినవాళ్లను అడిగి ఇలాంటి ఆధారం సంపాదించండి.

పింకీ ఆకుపచ్చ సూది గుచ్చిన షాటు రెండో సీనులో ఎంతసేపు ఉండాలన్నది ఎడిటింగ్‌లో తేల్చుకోవలసిన సున్నితమైన విషయం. మరీ ఎక్కువసేపు ఉంచితే జరగబోయేది ముందే తెలిసిపోతుంది. మరీ తక్కువైతే రాత్రి సీనులో "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అంటారు. పింకీ మాటల మీద చూసేవాళ్ల మనసు ఉన్నప్పుడు, చేతుల పనిగా ఆ షాటును దాటించడం మంచిది. కన్ను దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, బుద్ధి పట్టించుకోదు.

కెమెరా, ధ్వని గురించి తప్పనిసరి సంగతులు

ఈ చిత్రం మొత్తం రెండు రంగుల తేడా మీద ఆధారపడి ఉంది. ఫోను కెమెరాను దాని మానాన వదిలేస్తే షాటుకొక రంగు చూపిస్తుంది, నీలం ఒకచోట ఆకుపచ్చగా కూడా మారవచ్చు. అందువల్ల వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతూకం), ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు), ఫోకస్ మూడింటినీ లాక్ చేయండి. ఫోనులోని కెమెరాలో ఆ సదుపాయం లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా లాంటి ఉచిత యాప్ వాడండి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి ట్యూబులైటు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతుంది. షట్టరును, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయాన్ని, సెకనులో 1/50 గానీ 1/100 గానీ పెట్టుకుంటే బొమ్మ మీద చారలు పాకవు. ఫ్రేములు సెకనుకు 24 అనుకున్నా 25 అనుకున్నా ఫరవాలేదు, మొదటి షాటు నుంచి చివరి షాటు వరకు అదే ఉండాలి.

ధ్వని విషయంలో మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు దీన్ని డబ్బింగ్‌లో చూసుకుందామని వదిలేస్తారు. డబ్బింగ్‌లో మాటలు వస్తాయి, ఆ గది రాదు. కాలర్ మైకు లేకపోతే రెండో ఫోనులో రికార్డర్ పెట్టి నటుడి చొక్కా జేబులో ఉంచండి, లేదా ఫ్రేముకు కాస్త బయట నోటికి దగ్గరగా పట్టుకోండి. ప్రతి టేకు మొదట్లో కెమెరా ముందు ఒక చప్పట కొడితే రెండింటినీ కలుపుకోవడం తేలిక. ఫ్యాను ఆపేయండి. సీను అయిపోయాక అందరినీ కదలకుండా నిలబెట్టి, ఏ మాటా లేని ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేయండి. కట్‌ల మధ్య ఖాళీలు పూడ్చడానికి అదే పనికొస్తుంది.

మిషన్ చప్పుడును విడిగా, రెండు రకాలుగా రికార్డు చేయండి. బట్ట మీద దారంతో నడిచినప్పుడు ఒకటి, దారం లేకుండా నడిచినప్పుడు మరొకటి. ఉత్త మిషన్ చప్పుడులో సన్నని తేడా ఉంటుంది. చాలామందికి అది విడిగా తెలియదు, అయినా మొదటి సీనులో విన్న ఉత్త చప్పుడు రాత్రి మళ్లీ వినబడితే ఏదో బాగాలేదని చెవికి అందుతుంది. మిషన్ ఆగిపోయిన నిశ్శబ్దం కూడా ఈ చిత్రంలో ఒక పాత్రే. దాని మీద వయొలిన్లు పరచకండి. ఆర్.ఆర్. (నేపథ్య సంగీతం) చేసే మిత్రుడు ఎంత బాగా వాయించినా సరే, ఆ చోట వద్దని చెప్పండి.

ఎడిటింగ్ బల్ల దగ్గర

చాలా ఫోన్లు సెకనుకు తీసే ఫ్రేముల సంఖ్యను వీడియో నడుస్తుండగానే మార్చేస్తుంటాయి. అలాంటి వీడియోను నేరుగా ఎడిట్ చేస్తే టేకు మధ్యకు వచ్చేసరికి పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో అన్నింటినీ స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకున్నాకే పని మొదలుపెట్టండి. ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ ఉచిత రూపమే లఘుచిత్రానికి బోలెడు.

రఫ్ కట్ (మొదటి విడత కూర్పు) పూర్తయ్యాక రెండుసార్లు చూడండి. మొదటిసారి ధ్వని పూర్తిగా ఆపేసి చూడండి. కథ అర్థం కాని చోట మాటల మీద ఎక్కువగా ఆధారపడ్డారని తెలుస్తుంది. రెండోసారి బొమ్మ ఆపేసి వినండి. మనుషులు ఎక్కడున్నారో, ఎవరు వచ్చారో, ఎవరు వెళ్లారో చెవికి తెలియాలి. ఆ తరువాత ప్రతి సీను మొదటి షాటునూ చివరి షాటునూ తీసేసి చూడండి. మనిషి గదిలోకి నడిచి రావడం, తలుపు వేసి వెళ్లడం, మాట అయ్యాక ఒకరినొకరు చూసుకోవడం, వీటిలో సగానికి సగం అక్కర్లేదు. లేకపోతే వెలితిగా అనిపించినవి మాత్రమే తిరిగి పెట్టండి.

మాటనూ బొమ్మనూ ఒకే చోట కత్తిరించడం కొత్తవాళ్ల చేతిలో బాగా కనిపించే అలవాటు. పింకీ వెళ్లిపోయాక రాత్రి సీనుకు వెళ్లేటప్పుడు, ఆమె ఖాళీ చేసిన గుమ్మం ఇంకా తెర మీద ఉండగానే రాత్రి కీచురాళ్ల చప్పుడు మొదలుపెట్టండి. ఒకటిన్నర సెకను తరువాత బొమ్మ మారనివ్వండి. చూసేవాళ్లు రాత్రిలోకి ముందే అడుగుపెట్టి ఉంటారు, "కొన్ని గంటల తరువాత" అనే అక్షరాలతో పని ఉండదు.

కొసమెరుపు

నాలుగో సీను పొద్దున. సరోజ వస్తుంది, పొట్లం విప్పుతుంది, హుక్సుల వరస మీద వేలు ఆడిస్తూ ఆఖరి దాని దగ్గర ఆగుతుంది. నీలం మీద ఆకుపచ్చ. తలెత్తి సత్యాన్ని చూస్తుంది. అతను ఆమె ముఖానికి కొంచెం పక్కకు చూస్తూ నవ్వుతున్నాడు. కింద పడిన తెల్లకాగితం ముక్క ఆమెకు కనబడుతుంది.

ఇక్కడ ఆమె ఏమంటుంది? కేకలేస్తే కథ గొడవ దగ్గర ముగుస్తుంది. జాలిపడి కంటి ఆసుపత్రికి తీసుకెళ్తే ప్రచార చిత్రం అవుతుంది. నా పట్టికలో ఆమె పొట్లం మళ్లీ కట్టుకుని, "బాగా కుదిరింది అన్నయ్యా. పెళ్లయ్యాక ఇంకో రెండు జాకెట్లు తెస్తాను" అంటుంది. డబ్బు లెక్కపెట్టి ఇచ్చేటప్పుడు, ఏ నోటు ఎంతో పైకి చెబుతూ ఒక్కొక్కటే అతని చేతిలో పెడుతుంది.

పట్టిక చూడండి. మొదట్లో రహస్యం సత్యంది, తెలియనిది సరోజకు. చివర్లో రహస్యం సరోజది, తెలియనిది సత్యానికి. చూసేవాళ్లకు మాత్రమే రెండు వైపులా తెలుసు. గడులు తారుమారైనప్పుడు కథ ముగిసినట్టు అనిపిస్తుంది, సమస్య తీరకపోయినా సరే. మీ ముగింపు తేలిపోతోందనిపిస్తే కొత్త మలుపు కోసం వెతక్కండి. మొదటి సీనులో ఎవరికి తెలియదో, చివరి సీనులో వాళ్లకు తెలిస్తే ఏమవుతుందో, తెలిసినా తెలియనట్టు ఉంటే ఏమవుతుందో రాసి చూడండి.

చూపించి అడగడం

విడుదలకు ముందు చిత్రంతో సంబంధం లేని కొందరికి చూపించండి. నటుల స్నేహితులు, మీ ఇంట్లోవాళ్లు దీనికి పనికిరారు. పెద్ద తెర మీద కాకుండా, వాళ్ల ఫోనులోనే చూడనివ్వండి. అయ్యాక "ఎలా ఉంది?" అని అడగవద్దు. బాగుందనే అంటారు. "ఏం జరిగిందో చెప్పండి" అని అడిగి, మధ్యలో అడ్డుపడకుండా రాసుకోండి. సరోజకు ఎప్పుడు తెలిసింది, సత్యానికి తెలుసా, ఆకుపచ్చ దారం ఎక్కడిది, ఈ మూడూ వాళ్ల నోటి నుంచి రావాలి. ఏది రాలేదో ఆ గడి మీ పట్టికలో ఉంది గాని తెర మీదికి రాలేదని అర్థం. యూట్యూబ్‌లో పెట్టాక కూడా యూట్యూబ్ స్టూడియోలోని గ్రాఫు తెరిచి, చూసేవాళ్లు ఎక్కడ తగ్గిపోయారో ఆ సెకను దగ్గర పట్టికలో ఏముందో పోల్చుకోండి. తరువాతి చిత్రానికి అంతకంటే మంచి పాఠం ఉండదు.

ఈ కథలో ఎక్కువగా అందకుండా పోయేది రంగుల తేడాయే, చిన్న తెర మీద దారం సన్నగా ఉంటుంది కాబట్టి. అలా జరిగితే అందరినీ మళ్లీ పిలవనక్కర్లేదు. హుక్కు మీద ఆగిన వేలు, క్యాలెండరుకు గుచ్చిన సూది, ఈ రెండు క్లోజప్‌లూ మీ ఇంట్లో బల్ల మీద ఇంకా దగ్గరగా తీసుకోవచ్చు. దానికి అదే జాకెట్టు, అదే దారం రీళ్లు, అదే క్యాలెండరు కాగితం, ఆ రోజు వాడిన బల్బు కావాలి. చిత్రం బయటికి వెళ్లేదాకా వాటన్నింటినీ ఒక అట్టపెట్టెలో వేసి పైన చిత్రం పేరు రాసి ఉంచండి, నటి గోళ్ల రంగు ఫొటోతో సహా.